చేసిన పని టీచర్‌కు చేరేదాకా: హైస్కూల్లో చదువును గాడిలో ఉంచుకోవడం

హైస్కూల్లో మార్కులు తగ్గగానే ఇంట్లో మొదట వచ్చే మాట "సరిగ్గా చదవడం లేదు" అని. చాలాసార్లు అది నిజం కాదు. పోయిన మార్కులను ఒక్కొక్కటిగా పట్టి చూస్తే వేరే సంగతులు బయటపడతాయి. చెప్పిన హోంవర్క్ రాసుకోలేదు. చేసిన హోంవర్క్ బ్యాగులోనే ఉండిపోయింది. ప్రాజెక్టు గడువు వచ్చే వారం అనుకుంటే ఈ వారమే అయింది. పాఠం అర్థం కాని రోజున అడగకపోవడంతో ఆ సందేహం పరీక్ష హాలు దాకా వెంట వచ్చింది. చిన్న తరగతుల్లో ఒకరిద్దరు టీచర్లే అన్నీ గుర్తుచేస్తూ ఉంటారు. హైస్కూల్లో సబ్జెక్టుకో టీచర్, ఎవరి గడువులు వారివి. ఆ గడువులన్నిటినీ కలిపి చూడగలిగింది విద్యార్థి ఒక్కరే. ఆ పనిని జ్ఞాపకశక్తికి వదిలేస్తే ఎంత తెలివైన పిల్లలకైనా ఏదో ఒకటి జారిపోతుంది.

కాబట్టి కష్టపడి చదవడం ఒక ఎత్తు, చేసిన కష్టం దారిలో పోకుండా చూసుకోవడం ఒక ఎత్తు. ఈ వ్యాసం రెండో దాని గురించి.

ముందుగా, మార్కులు ఎక్కడ పోతున్నాయి?

కొత్త డైరీ కొనక ముందే గత నెల మార్కులన్నీ ఒక కాగితం మీద రాయండి. ప్రతి తక్కువ మార్కు పక్కనా కారణం రాయండి: ఇవ్వలేదు, ఆలస్యంగా ఇచ్చాను, సగమే చేశాను, చేశాను కానీ తప్పులు, పరీక్షలో గుర్తురాలేదు, అసలు అర్థం కాలేదు. మొదటి మూడు కారణాలే ఎక్కువగా కనిపిస్తే సమస్య ఏర్పాట్లలో ఉంది, చదువులో కాదు. చివరి మూడు ఎక్కువైతే చదివే పద్ధతి మార్చుకోవాలి, లేదా ఎవరి సాయమైనా తీసుకోవాలి. ఈ తేడా చూడకుండా ట్యూషన్ పెట్టించడం వల్ల డబ్బూ సమయమూ వృథా అవుతాయి. హోంవర్క్ ఇవ్వడం మరచిపోయే పిల్లవాడికి లెక్కలు ఇంకోసారి చెప్పించినంత మాత్రాన ఆ హోంవర్క్ టీచర్ బల్ల మీదికి చేరదు.

సున్నా ఎంత నష్టం చేస్తుందో లెక్క వేసి చూడండి. ఐదు అసైన్‌మెంట్లలో నాలుగింటికి 90 చొప్పున వచ్చి, ఒకటి ఇవ్వకపోతే సగటు 72. ఆ ఒక్కదాన్ని సగం చేసి ఇచ్చి 50 తెచ్చుకున్నా సగటు 82 అవుతుంది. ఆలస్యపు కోత పోను 60 వచ్చినా 84. "బాగా చేయలేదు కాబట్టి ఇవ్వను" అనుకునే పిల్లలకు ఈ లెక్క తప్పకుండా చూపించాలి. నాసిరకంగా ఉన్నా ఇచ్చిన పనికి మార్కు ఉంటుంది.

వెయిటేజీ కూడా చూసుకోవాలి. ఒక సబ్జెక్టులో హోంవర్క్‌కు 20 శాతం, పరీక్షలకు 50, ప్రాజెక్టులకు 30 అనుకుందాం. హోంవర్క్‌లో 95, పరీక్షల్లో 60, ప్రాజెక్టులో 80 ఉంటే మొత్తం 19 + 30 + 24, అంటే 73. హోంవర్క్‌ను 95 నుంచి 100కు లాక్కెళితే పెరిగేది 1. పరీక్షలను 60 నుంచి 70కి తెస్తే పెరిగేది 5. వారంలో మిగిలిన రెండు గంటలు దేనికి పెట్టాలో ఈ లెక్కే చెబుతుంది. వెయిటేజీ తెలియకపోతే టర్మ్ మొదటి వారంలోనే టీచర్‌ను అడిగి, ఆ సబ్జెక్టు నోట్‌బుక్ అట్ట లోపలి వైపు రాసిపెట్టుకోండి.

డైరీ ఒక్కటే ఉండాలి

కాగితం డైరీ అయినా, ఫోన్‌లో యాప్ అయినా ఫరవాలేదు. రెండూ వాడకూడదు. సగం పనులు ఒకచోట, సగం ఇంకోచోట ఉంటే రెండింటి మీదా నమ్మకం పోతుంది. ఆ తర్వాత రెండూ చూడడం మానేస్తారు. తరగతిలో ఫోన్ తీయనివ్వని స్కూళ్లలో కాగితానిదే పైచేయి, ఎందుకంటే పని చెప్పిన నిమిషంలోనే రాసుకోవచ్చు. ఇంటికెళ్లాక ఎక్కిద్దాంలే అనుకున్నవి ఎక్కవు.

రాసే తీరు కూడా ముఖ్యం. "లెక్కలు" అని ఒక్క మాట రాస్తే సాయంత్రానికి అది దేనికీ పనికిరాదు. ఇలా రాయాలి: "లెక్కలు, 84వ పేజీ, 5 నుంచి 12 వరకు, నోట్‌బుక్‌లో, గురువారం, 40 నిమిషాలు." అంటే సబ్జెక్టు, పని కచ్చితంగా ఏమిటి, ఎక్కడ ఎలా ఇవ్వాలి, గడువు, ఎంతసేపు పట్టవచ్చో మీ అంచనా. ఈ ఐదూ రాయడానికి అర నిమిషం చాలు.

దీనికి ఒక చిన్న చిట్కా ఉంది. హోంవర్క్ ఇవ్వని పీరియడ్‌కు కూడా "ఏమీ లేదు" అని రాయండి. అప్పుడు డైరీలో ఖాళీ గడి కనిపిస్తే దాని అర్థం ఒక్కటే: రాసుకోవడం మరిచిపోయారు. వెంటనే తోటి విద్యార్థిని అడగొచ్చు. ఈ అలవాటు లేకపోతే "హోంవర్క్ లేదు", "హోంవర్క్ రాసుకోలేదు" రెండూ డైరీలో ఒకేలా కనిపిస్తాయి. ఎక్కువ పనులు జారిపోయేది సరిగ్గా అక్కడే.

అంచనా వేసిన నిమిషాల పక్కన నిజంగా పట్టిన నిమిషాలు కూడా రెండు వారాల పాటు రాయండి. పనికి పట్టే సమయాన్ని మనుషులు తక్కువగా ఊహించుకుంటారని డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు. అయితే ఎంత తక్కువగా ఊహిస్తారన్నది మనిషిని బట్టీ, సబ్జెక్టును బట్టీ మారుతుంది. మీకు లెక్కల అంచనా సరిపోతూ, వ్యాసరచన మాత్రం ప్రతిసారీ రెట్టింపు పడుతుండవచ్చు. రెండు వారాల అంకెలు చూశాక వ్యాసం రాయాల్సిన రోజున ఇంకో పని పెట్టుకోరు.

పెద్ద పనిని వెనక నుంచి ముందుకు

మూడు వారాల గడువున్న ప్రాజెక్టును "ఇంకా మూడు వారాలుంది కదా" అని డైరీ చివరి గడిలో ఒక్కసారి రాసి వదిలేస్తే అది చివరి రెండు రాత్రుల పని అవుతుంది. గడువు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి.

ఉదాహరణకు 1500 పదాల నివేదిక మూడో శుక్రవారం ఇవ్వాలి. మీ సొంత గడువు బుధవారం అని పెట్టుకోండి. ఆ రెండు రోజులు మిగిలిపోయినట్టు కాదు. ప్రింటర్ మొరాయించడం, ఫైలు సైజు ఎక్కువై అప్‌లోడ్ కాకపోవడం, గ్రూపులో ఒకరు తమ వంతు ఇవ్వకపోవడం లాంటివాటికి ఆ రెండు రోజులూ కావాలి. సోమ, మంగళవారాల్లో దిద్దడం. దానికి ముందు శని, ఆదివారాల్లో పూర్తి చిత్తుప్రతి. రెండో వారం మధ్యలో నివేదిక ఎముకల గూడు, అంటే ఏ పేరాలో ఏ విషయం వస్తుందో ఒక్కో వాక్యం. మొదటి వారాంతానికి కావలసిన సమాచారం సేకరించి ఎక్కడ నుంచి తీసుకున్నారో రాసి ఉంచడం. మొదటి రెండు రోజుల్లో అంశం ఎంచుకుని టీచర్‌తో ఖాయం చేసుకోవడం. ఈ ముక్కల్లో ప్రతి ఒక్కటీ డైరీలో దాని రోజున విడిగా కనిపించాలి.

ఎక్కువమంది ఇరుక్కునేది మొదటి ముక్క దగ్గరే. అంశం ఎంచుకోవడానికే వారం గడిచిపోతుంది. రెండు రోజుల్లో తేలకపోతే చేతిలో ఉన్న రెండు అంశాలు తీసుకెళ్లి "వీటిలో ఏది బాగుంటుంది?" అని టీచర్‌నే అడగండి.

కాగితాలు, ఫైళ్లు

చేసి కూడా ఇవ్వకపోవడం విన్నవారికి వింతగా ఉంటుంది, కానీ ఇది చాలా మామూలు. చేసిన కాగితం పుస్తకం మధ్యలోకో బ్యాగు అడుక్కో వెళ్లిపోతుంది. పీరియడ్ మొదట్లో టీచర్ అడిగినప్పుడు దొరకదు, సాయంత్రం దొరుకుతుంది. దీనికి మందు రెండు జేబుల ఫోల్డర్. అన్ని సబ్జెక్టులకూ కలిపి ఒక్కటే. కుడి జేబు ఇవ్వాల్సినవి, ఎడమ జేబు టీచర్ల దగ్గర నుంచి వచ్చినవి. పని పూర్తయిన క్షణంలో అది కుడి జేబులోకి వెళ్లాలి. కాగితం ఫోల్డర్‌లోకి, ఫోల్డర్ బ్యాగులోకి, బ్యాగు తలుపు దగ్గరికి చేరాకే ఆ పనికి డైరీలో టిక్కు పెట్టాలి. రాయడం అయిపోగానే టిక్కు పెట్టేస్తే ఇక దాన్ని ఎవరూ తలుచుకోరు.

ప్రతి కాగితం పైన కుడి మూల తేదీ, సబ్జెక్టు రాయండి. ఎడమ జేబు వారానికోసారి ఖాళీ చేసి కాగితాలను సబ్జెక్టు ఫైళ్లలోకి మార్చాలి. మార్కులు వేసి ఇచ్చిన పేపర్లను టర్మ్ ఫలితాలు వచ్చేదాకా పారేయకండి. రిజిస్టర్‌లో మార్కు తప్పుగా ఎక్కినా, అసలు ఎక్కకపోయినా చేతిలో ఉన్న ఆ పేపరే సాక్ష్యం.

కంప్యూటర్ ఫైళ్లకు పేరు పెట్టేటప్పుడు తేదీని ముందు పెట్టండి, అదీ సంవత్సరం, నెల, రోజు వరుసలో. ఆ తర్వాత సబ్జెక్టు, ఆ తర్వాత పని పేరు. ఇలా పెడితే ఫైళ్లు వాటంతటవే తేదీ వరుసలో నిలబడతాయి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఇదే ఫైనల్" అని పేర్లు పెట్టుకుంటూ పోతే ఏదో ఒక రోజు పాత ప్రతి టీచర్‌కు వెళ్తుంది.

ఆన్‌లైన్‌లో ఇచ్చే పనుల్లో తరచూ జరిగే తప్పులు మూడు. అప్‌లోడ్ చేసి, చివర "సబ్మిట్" నొక్కకపోవడం. వేరే ఫైలు పెట్టడం. షేర్ చేసిన లింక్‌ను తెరిచే అనుమతి టీచర్‌కు ఇవ్వకపోవడం. మూడింటినీ పట్టేది ఒకటే పని: ఇచ్చాక పోర్టల్ నుంచి ఆ ఫైలును మళ్లీ తెరిచి చూడడం. లింక్ అయితే మీ ఖాతా నుంచి బయటికి వచ్చి తెరిచి చూడాలి, లేకపోతే మీకు ఎప్పుడూ తెరుచుకుంటూనే ఉంటుంది. తెరుచుకున్నాక తేదీ, సమయం కనిపించేలా ఒక స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. గడువు రాత్రి 11:59 అని ఉంటే మీ డైరీలో 9 అని రాయండి.

బోర్డును ఫోన్‌తో ఫొటో తీయడం తప్పు కాదు. కానీ ఆ రోజు సాయంత్రమే నోట్‌బుక్‌లోకి ఎక్కించని ఫొటో గ్యాలరీలో వందల ఫొటోల కింద కూరుకుపోతుంది. ఎక్కించే ఉద్దేశం లేకపోతే ఫొటో తీశామన్న భరోసా పెట్టుకోకుండా అక్కడే చేత్తో రాసుకోవడం మేలు.

నోట్స్ రాయడం సగం పనే

నోట్స్ రాసుకునే కార్నెల్ పద్ధతిని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ 1950లలో రూపొందించారు. పేజీని ఇలా విడగొట్టాలి: ఎడమ వైపు సుమారు 6 సెంటీమీటర్ల సన్నని పట్టీ, కింద 5 సెంటీమీటర్ల అడ్డపట్టీ, మిగిలిన పెద్ద భాగం తరగతిలో రాసుకోవడానికి. తరగతిలో పెద్ద భాగంలోనే రాయాలి. ఆ రోజు సాయంత్రం, మరీ ఆలస్యమైతే మర్నాడు, ఎడమ పట్టీలో ప్రశ్నలు రాయాలి: ఎదురుగా ఉన్న నోట్స్ ఏ ప్రశ్నకు జవాబు? కింది పట్టీలో పేజీ మొత్తం రెండు మూడు వాక్యాల్లో. చదివేటప్పుడు పెద్ద భాగాన్ని కాగితంతో మూసి, ఎడమ ప్రశ్నలకు చూడకుండా జవాబు చెప్పుకోవాలి.

పిల్లలు పేజీకి గీతలైతే అందంగా గీస్తారు కానీ ఎడమ పట్టీని ఖాళీగా వదిలేస్తారు. అది ఖాళీగా ఉంటే ఇది కార్నెల్ పద్ధతి కాదు, అంచు ఎక్కువ వదిలిన మామూలు పేజీ. ఈ పద్ధతి బలమంతా మూసి చెప్పుకోవడంలోనే ఉంది.

మళ్లీ మళ్లీ చదవడం కంటే మూసి చెప్పుకోవడం ఎందుకు మెరుగు? హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో కళాశాల విద్యార్థులు ఒక చిన్న వ్యాసం చదివారు. తర్వాత కొందరు దాన్నే మళ్లీ చదివారు, మిగతావారు చూడకుండా గుర్తున్నది రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారిదే పైచేయి: 81 శాతానికి 75 శాతం. వారం తర్వాత తలకిందులైంది. మళ్లీ చదివినవారికి 42 శాతం గుర్తుంటే, చూడకుండా రాసినవారికి 56 శాతం గుర్తుంది. చదివి లేచిన వెంటనే "అంతా వచ్చేసింది" అనిపించే భావన ఎందుకు మోసం చేస్తుందో ఈ అంకెల్లో కనిపిస్తుంది. ఆ నిమిషానికి అది నిజంగానే వచ్చి ఉంటుంది. పరీక్ష ఆ నిమిషంలో ఉండదు. రంగు పెన్నుతో గీతలు కొట్టుకుంటూ పోవడం కూడా మళ్లీ చదవడం లాంటిదే, కళ్లకు పని ఎక్కువ, గుర్తుకు తక్కువ.

పది రోజుల్లో పరీక్ష ఉంటే ఐదు గంటలూ చివరి రోజున కూర్చోకుండా, ఒక్కో గంటగా పరచండి: పరీక్షకు 10 రోజుల ముందు, 8, 5, 2, 1. మొదటి రోజు తప్ప ప్రతిసారీ ముందుగా ఖాళీ కాగితం తీసుకుని గుర్తున్నది రాయండి. తర్వాతే పుస్తకం తెరిచి వదిలేసినవాటిని ఎర్ర పెన్నుతో చేర్చండి. తర్వాతి గంట ఆ ఎర్ర గీతల మీదే పెట్టండి.

నిర్వచనాలు, సూత్రాలు, తేదీలు, కొత్త భాష పదాలు లాంటివాటికి ఒక వైపు ప్రశ్న, వెనక జవాబు రాసిన కార్డులు బాగా పనిచేస్తాయి. సెబాస్టియన్ లైట్‌నర్ అనే జర్మన్ రచయిత 1972లో ప్రచారంలోకి తెచ్చిన పెట్టెల పద్ధతి తేలిక. మూడు పెట్టెలు చాలు. మొదటి పెట్టె రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి. జవాబు సరిగ్గా చెప్పిన కార్డు తర్వాతి పెట్టెలోకి వెళ్తుంది, తప్పితే ఏ పెట్టెలో ఉన్నా మొదటి దానిలోకే తిరిగి వస్తుంది. ఒక కార్డుకు ఒకే ప్రశ్న రాయాలి. ఒక కార్డు మీద ఆరు అంశాలు ఎక్కిస్తే నాలుగు చెప్పినప్పుడు అది సరైనదో తప్పో తేల్చలేక పద్ధతే ఆగిపోతుంది.

లెక్కలకు, భౌతికశాస్త్రానికి కార్డుల కంటే తప్పుల పుస్తకం ఉపయోగం. తప్పిన ప్రతి లెక్కనూ అందులో రాసి, పక్కన తప్పు రకం రాయండి: ప్రశ్న సరిగ్గా చదవలేదు, పద్ధతి తెలియదు, పద్ధతి తెలిసినా ఒక మెట్టు తప్పింది, కూడిక తీసివేతలో జారింది. మూడు రోజుల తర్వాత పాత జవాబు చూడకుండా మళ్లీ చేయండి. నెల తిరిగేసరికి ఒక రకం మిగతావాటి కంటే ఎక్కువగా కనిపిస్తుంది. కూడికలో జారుతున్నవారికి కొత్త అధ్యాయం మళ్లీ చెప్పించనక్కర్లేదు. గుర్తులు మార్చే చోట ఒక వరుస అదనంగా రాయడం అలవాటైతే చాలు.

కూర్చోవడం

ఫోన్ గదిలో ఉండకూడదు. బోర్లించి పెట్టడం, సైలెంట్‌లో పెట్టడం సరిపోదు, పక్క గదిలో ఉండాలి. టైమర్ కోసం ఫోనే కావాలంటే మామూలు గడియారం తెచ్చుకోండి.

25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పొమొడోరో పద్ధతి 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఆయన మొదలుపెట్టింది. మొదలుపెట్టడమే కష్టమయ్యేవారికి ఇది బాగా పనికొస్తుంది. వ్యాసం రాసేటప్పుడు మాత్రం 25 నిమిషాలు చిన్నది. ఆలోచన దారిలో పడేసరికే గంట మోగుతుంది. రాతపనికి 45 నిమిషాలు పెట్టుకుని 10 నిమిషాలు లేవడం మంచిది. విరామంలో నడవడం, నీళ్లు తాగడం లాంటివి చేయండి. ఐదు నిమిషాల విరామంలో వీడియో తెరిస్తే అది ఐదు నిమిషాల్లో మూతపడదు.

నిద్రను కోసి చదవడం లాభం కాదు. 13 నుంచి 18 ఏళ్లవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. రాత్రి రెండింటిదాకా చదివి పొద్దున తరగతిలో తూగితే, ఆ తరగతిలో పోయిన పాఠాన్ని మళ్లీ రాత్రి వెతుక్కోవాల్సి వస్తుంది.

సాయం అడగడం

ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు. అడిగితే తెలివితక్కువవారనుకుంటారేమోనన్న భయం పెద్ద తరగతులకు వెళ్లేకొద్దీ పెరుగుతుంది. బాగా మార్కులు వచ్చే పిల్లలకు ఇంకా ఎక్కువ. అందుకే అడగాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఆ క్షణానికి వదలకుండా ఒక నియమం పెట్టుకోవాలి: ఒక లెక్క లేదా ఒక పేరా దగ్గర 20 నిమిషాలు సొంతంగా ప్రయత్నించాక కూడా కదలకపోతే, రెండు రోజుల్లోపు ఎవరినో ఒకరిని అడగాలి. రెండు రోజులు దాటితే తర్వాతి పాఠం దీని మీదే కట్టుకుంటూ పోతుంది, అప్పుడు ఏది అర్థం కాలేదో కూడా చెప్పలేని స్థితి వస్తుంది.

ఆ 20 నిమిషాల్లో చేయాల్సిన పనులున్నాయి. పుస్తకంలో పరిష్కరించి ఇచ్చిన ఉదాహరణను మూసి మీరే చేయండి. అది వస్తే మీ లెక్కలో, ఉదాహరణలో తేడా ఏమిటో వెతకండి. ఆగిపోయిన మెట్టు పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఆ గుర్తే మీ ప్రశ్న.

"సార్, ఈ పాఠం అర్థం కాలేదు" అంటే టీచర్ పాఠమంతా మళ్లీ చెప్పాలి, దానికి వారికి సమయం ఉండదు. "మేడం, ఏడో లెక్కలో సమీకరణం దాకా వచ్చాను. ఇక్కడ రెండు వైపులా ఎందుకు వర్గం చేయాలో తెలియడం లేదు" అంటే రెండు నిమిషాల్లో జవాబు వస్తుంది. మీరు చేసిన ప్రయత్నం కాగితం మీద కనబడాలి. పీరియడ్‌కూ పీరియడ్‌కూ మధ్య ఉండే రెండు మూడు నిమిషాల్లో వెంటపడకండి. "సార్, పది నిమిషాలు కావాలి, ఈ రోజు ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగి సమయం తీసుకోండి.

గడువు పెంచమని అడగాల్సి వస్తే గడువుకు ముందే అడగాలి, కనీసం ఒక రోజు ముందు. అందులో మూడు విషయాలు ఉండాలి: ఎంతవరకు అయింది, ఏది మిగిలింది, ఎప్పటికి ఇస్తారు. "నివేదికలో మొదటి మూడు భాగాలు అయ్యాయి మేడం, గ్రాఫులు మిగిలాయి. సోమవారం పొద్దున ఇవ్వనా?" అన్న మాటకు ఒప్పుకునే అవకాశం ఎక్కువ. గడువు దాటిన మర్నాడు చెప్పే కారణం ఎంత నిజమైనా సాకులాగే వినిపిస్తుంది.

స్కూలుకు రాలేని రోజు కోసం ప్రతి సబ్జెక్టులోనూ ఒక స్నేహితుణ్ణి ముందే ఏర్పాటు చేసుకోండి. ఆ సాయంత్రమే వాళ్లను అడగాల్సినవి మూడు: ఏం చెప్పారు, ఏ కాగితాలు ఇచ్చారు, ఏ పని ఎప్పటికి. తిరిగి వెళ్లిన రోజు టీచర్‌ను అడగాల్సింది, పోయిన పరీక్ష లేదా పనికి కొత్త తేదీ. "నేను రాని రోజు ఏమైనా ముఖ్యమైనది చెప్పారా?" అని అడగకండి. ప్రతి టీచర్‌కూ తన పాఠం ముఖ్యమే, ఆ ప్రశ్న వారిని నొప్పిస్తుంది.

కలిసి చదువుకునే గుంపులో ముగ్గురు నలుగురికి మించకూడదు. మొదటి 20 నిమిషాలు ఎవరికివారు మౌనంగా చేసుకోవాలి. ఆ తర్వాతే పోల్చుకోవాలి. మొదటి నిమిషం నుంచీ మాట్లాడితే చురుకైనవారు చేస్తారు, మిగతావారు తలూపుతారు, తలూపినవారికి తమకూ వచ్చేసిందనే అనిపిస్తుంది.

ట్యూటర్ సాయం తీసుకుంటుంటే గమనించాల్సిన గుర్తు ఒకటుంది. హోంవర్క్ మార్కులు పెరిగి పరీక్ష మార్కులు పెరగకపోతే, పని చేస్తున్నది ట్యూటర్. పెన్సిల్ ఎవరి చేతిలో ఉందో చూడండి. గంటలో ఎక్కువ భాగం విద్యార్థి చేతిలోనే ఉండాలి. గంట చివర పది నిమిషాలు, అంతకుముందు చూడని ఒక లెక్కను ఏ సూచనా లేకుండా విద్యార్థే చేయాలి. ట్యూటర్ దగ్గరికి వెళ్లేటప్పుడు తీసుకెళ్లాల్సినవి గత పరీక్ష పేపరు, తప్పుల పుస్తకం, గుర్తు పెట్టిన మూడు నాలుగు ప్రశ్నలు. ఖాళీ చేతులతో వెళితే మొదటి పావుగంట "ఈ రోజు ఏం చేద్దాం?" తోనే సరిపోతుంది.

కొన్నిసార్లు విషయం ఏర్పాట్లలోనూ లేదు, చదివే పద్ధతిలోనూ లేదు. డైరీ రాస్తూ, కూర్చుని చదువుతూ ఉన్నా నెలల తరబడి మార్పు రాకపోతే ఆగి చూడాలి. తోటివారి కంటే చదవడానికి రెండు మూడు రెట్లు సమయం పడుతోందా? బోర్డు సరిగ్గా కనబడుతోందా? ఏ సబ్జెక్టులోనైనా, ఇష్టమైనదాంట్లో కూడా, కాసేపటికి మించి ధ్యాస నిలవడం లేదా? కొన్ని వారాలుగా దేని మీదా ఆసక్తి లేకుండా, నిద్రా ఆకలీ తప్పి ఉన్నారా? కంటిచూపు, వినికిడి, డిస్‌లెక్సియా (అక్షరాలు చదవడంలో ఇబ్బంది), ఏకాగ్రత లోపం, కుంగుబాటు, ఇవేవీ బద్ధకం కావు, తిడితే తగ్గవు. స్కూలు కౌన్సెలర్‌తోనూ, డాక్టర్‌తోనూ మాట్లాడాలి. నిర్ధారణ అయితే పరీక్షలో అదనపు సమయం, ముందు వరుసలో కూర్చోవడం, నోట్స్ ముద్రించి ఇవ్వడం లాంటి వెసులుబాట్లు చాలాచోట్ల దొరుకుతాయి. వాటికి కాగితాలు ముందుగా పెట్టాలి కాబట్టి పెద్ద పరీక్షల దాకా ఆగకండి.

వారానికి అరగంట

పైన చెప్పిందంతా నిలబడేది ఈ అరగంట మీదే. వారాంతంలో ఒక సమయం ఖాయం చేసుకోండి. బ్యాగు పూర్తిగా ఖాళీ చేయండి, అడుగున ఉన్న కాగితాలతో సహా. ఎడమ జేబును ఫైళ్లలోకి సర్దండి. స్కూలు పోర్టల్ తెరిచి "ఇవ్వలేదు" అని చూపిస్తున్నవి ఏమైనా ఉన్నాయేమో చూడండి. ఇచ్చినవి కూడా అక్కడ పడకపోయి ఉండవచ్చు, స్క్రీన్‌షాట్ ఇక్కడే అక్కరకొస్తుంది. వచ్చే రెండు వారాల గడువులు చూసి, ఒకే రోజున మూడు పడితే ఏది ముందుకు జరపాలో ఇప్పుడే నిర్ణయించండి.

ఇంట్లో పెద్దలు చేయగలిగిన పని కూడా ఇక్కడే ఉంది. రోజూ "చదివావా?" అని అడిగితే వచ్చే జవాబు "ఆ" మాత్రమే. వారానికోసారి పది నిమిషాలు పక్కన కూర్చుని "ఈ వారం ఏమేం ఇవ్వాలి? డైరీ చూపించు" అనండి. బ్యాగు మీరు సర్దకండి. మీరు సర్దినన్నాళ్లూ అది మీ పనిగానే ఉంటుంది.

వెనకబడిపోయినవారు ఇవ్వాల్సినవన్నీ ఒక జాబితాగా రాసి, ఏవి ఇప్పటికీ తీసుకుంటారో ఒక్కో టీచర్‌నూ అడగాలి. కొన్ని తీసుకోరు, వాటిని కొట్టేయండి. మిగిలినవాటిని వెయిటేజీ వరుసలో పెట్టండి. రోజూ ముందు ఆ రోజు గడువున్న పని, తర్వాత పాతవాటిలో ఒక్కటి. పాతవన్నీ ముందు పూర్తి చేద్దామని కూర్చుంటే ఆ వారం కొత్త పనులు పాతవాటిలో చేరతాయి, జాబితా తగ్గదు. పది పాత పనులుంటే రెండు వారాలు పడుతుంది, అది మామూలే.

డైరీ రాయడం మధ్యలో ఆగిపోతుంది. పరీక్షల వారమో, జ్వరమో, పండగో వచ్చి పది రోజులు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ పేజీలను నింపాలని కూర్చోకండి. వాటిని వదిలేసి ఈ రోజు పేజీ తెరవండి, పోర్టల్‌లో ఇవ్వలేదని చూపిస్తున్న పనులను అక్కడే రాసుకుని మొదటి పీరియడ్ దగ్గర నుంచి కొనసాగించండి.